సస్పెన్షన్–సస్పెన్స్ కిట్: తొమ్మిదో తరగతిలో వారం రోజులు వాడి చూశాక

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఈ కిట్‌ని ఆన్‌లైన్‌లో మా ఫిజిక్స్ మాస్టారు చూశారు. ధర 1,450 రూపాయలు, నలుగురం తలా కొంత వేసుకుని తెప్పించాం. సస్పెన్షన్ అనే ఒక్క మాట పట్టుకుని ఫిజిక్స్, కెమిస్ట్రీ, సోషల్, లాంగ్వేజ్ అన్నీ ఒకే వారంలో ముడిపెట్టి చెప్పొచ్చని పెట్టె మీద రాశారు. ఆలోచన నాకు చాలా నచ్చింది. లోపల ఇచ్చిన సరుకు మాత్రం ఆ ఆలోచనకు తగ్గట్టు లేదు. ఐదుకి మూడు ఇస్తున్నాను. కొనే టీచర్లు చాలామంది సొంత డబ్బే పెడతారు కాబట్టి ఎందుకు మూడో వివరంగా రాస్తాను.

పెట్టెలో ఉన్నవి: అట్టతో చేసిన రెండు వంతెన స్తంభాలు, నైలాన్ దారం ఉండ, కిలో వరకు చూపే స్ప్రింగ్ త్రాసులు రెండు, అరకిలో బరువు ఒకటి, మూతలున్న ప్లాస్టిక్ సీసాలు నాలుగు, సుద్దపొడి, 40 కార్డులు, టీచర్ల కోసం చిన్న పుస్తకం.

ముందు ఫిజిక్స్ సంగతి, ఎందుకంటే కిట్‌లో బాగా పనిచేసిన భాగం అదే. రెండు త్రాసుల మధ్య దారం కట్టి నడుమ బరువు వేలాడదీయాలి. అరకిలో బరువు కదా, ఒక్కో త్రాసు పావుకిలో చూపిస్తుందని క్లాసంతా ఒకే మాట మీద ఉంది. దారం అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు రెండు త్రాసులూ చెరో 500 గ్రాములు చూపించేసరికి గది నిశ్శబ్దమైపోయింది. ఇంకొంచెం బిగించి వాలు 15 డిగ్రీలకు తెస్తే ముల్లు దాదాపు కిలో దగ్గరికి పోయింది. ఇక్కడే కిట్ తప్పు బయటపడింది: అంతకంటే బిగిస్తే త్రాసు చూపించలేదు, ఎందుకంటే 5 డిగ్రీల దగ్గర ఒక్కోవైపు లాగుడు 2.8 కిలోలు దాటుతుంది. అసలు పిల్లలు చూడాల్సింది ఆ చివరి అంకెనే. మాస్టారు ల్యాబ్‌లోంచి 100 గ్రాముల బరువు తెచ్చి మార్చారు, అప్పుడు 5 డిగ్రీల దగ్గర 570 గ్రాములకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. కిట్ తయారుచేసిన వాళ్లు ఒక్కసారి తామే చేసి చూసుకుని ఉంటే అరకిలో బరువు పెట్టేవారు కాదు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "మాస్టారూ, మా ఇంట్లో దండెం బిగించి కడితే తడి దుప్పటి వేయగానే మేకు ఊడొచ్చింది, ఇందుకేనా?" అని అడిగాడు. ఇందుకే. వేలాడే వంతెన తీగలను అలా కిందికి ఒంపు తిరిగేలా వదలడానికి కారణం కూడా ఇదే.

వంతెనల కార్డులు రెండు ఉన్నాయి. గోల్డెన్ గేట్ కార్డు సరిగ్గానే ఉంది (1937లో తెరిచారు, రెండు స్తంభాల మధ్య 1,280 మీటర్లు). రెండో కార్డులో వేలాడే వంతెన అని రాసి బొమ్మ మాత్రం కేబుల్ స్టేయిడ్ వంతెనది వేశారు. రెండూ ఒకటి కాదు. లక్నవరం చెరువు మీది వంతెనలో తీగ ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఒంపు తిరిగి వేలాడుతుంది, దాన్నుంచి దిగే నిలువు తీగలు నడిచే దారిని మోస్తాయి. హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గం చెరువు వంతెనలో అయితే తీగలు స్తంభం నుంచి తిన్నగా వచ్చి రోడ్డునే పట్టుకుంటాయి. మా పిల్లల్లో సగం మంది ఫోన్లలో దుర్గం చెరువు ఫోటోలు చూసినవాళ్లే, పక్కపక్కన బోర్డు మీద గీసి చూపిస్తే తేడా వాళ్లే చెప్పేశారు. 1940లో గాలికి ఊగి కూలిపోయిన అమెరికా టకోమా వంతెన గురించి పుస్తకంలో ఒక పేజీ ఉంది కానీ, పిల్లలు అడిగింది 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తెగిపోయిన వంతెన గురించి. 130 మందికి పైగా చనిపోయిన ఘటన, వాళ్లకు తెలిసిన ఘటన, దాని ఊసే లేదు.

కెమిస్ట్రీలో సస్పెన్షన్ అంటే కరగని రేణువులు నీళ్లలో వేలాడుతున్నట్టు ఉండటం. దానికని ఇచ్చిన సుద్దపొడి తొందరగా అడుక్కి దిగిపోతుంది, చూడటానికి ఏమీ మిగలదు. మేం కాలువలో వచ్చిన కొత్త ఎర్రనీళ్లు పట్టుకొచ్చి మూడు సీసాల్లో పోశాం. ఒకదాంట్లో పటిక, ఒకదాంట్లో మా ఆయా ఇంటి నుంచి తెచ్చిన చిల్లగింజ అరగదీసిన గంధం, మూడోదాంట్లో ఏమీ వేయలేదు. ఏది ముందు తేటపడుతుందో పేర్లతో సహా బోర్డు మీద రాయించాం, ఇక పీరియడ్ అంతా ఒక కన్ను పాఠం మీద, ఒక కన్ను సీసాల మీద. పటిక సీసా గంట కొట్టేలోపే అడుగున బురద కట్టింది. ఏమీ వేయనిది మర్నాటికి కూడా మసకగానే ఉంది. మట్టి రేణువులన్నిటి మీదా రుణావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయని, పటికలోని అల్యూమినియం ఆ తోపుడును తగ్గించి వాటిని గుంపుగా చేరుస్తుందని అప్పుడు చెబితే ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. కిట్‌లో లేనిది ఇంకొకటి చేశాం: జ్వరం సిరప్ సీసాలు తెమ్మన్నాం. లేబుల్ మీద సస్పెన్షన్ అని ఉంటుంది, బాగా కుదిపి వాడమని ఉంటుంది. కుదపకపోతే పైన మందు పలచనై అడుగున చిక్కబడుతుంది, మొదటి చెంచాకు, ఆఖరి చెంచాకు మోతాదు మారిపోతుంది. ఈ ఒక్క ముక్క ఇంటికి చేరినా చాలు అనిపించింది నాకు.

సోషల్ కార్డు విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. "అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులన్నీ రద్దవుతాయి" అని అచ్చేశారు. రాజ్యాంగంలోని 359వ అధికరణ కింద జరిగేది హక్కుల అమలును తాత్కాలికంగా నిలిపివేయడం, రద్దు చేయడం కాదు. పైగా 1978 నాటి 44వ సవరణ తర్వాత 20, 21 అధికరణలను ఎట్టి పరిస్థితుల్లోనూ నిలిపివేయడానికి వీల్లేదు. సస్పెండ్ అయిన ఉద్యోగి ఉద్యోగం పోయినట్టు కాదు కదా, ఇదీ అంతే. ఒక మాట అర్థం నేర్పడానికే కిట్ తయారుచేసి ఆ మాటనే తప్పు రాస్తే ఎలా?

ఇక నా సబ్జెక్టు. ఇంగ్లీషులో సస్పెన్షన్, సస్పెన్స్ రెండూ వేలాడదీయడం అనే ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయి, కిట్ మొత్తం దాని మీదే నిలబడింది. తెలుగు కార్డుల్లో మాత్రం ఒకచోట అవలంబనం, ఇంకోచోట ఉత్కంఠ అని పదాలు పెట్టి వదిలేశారు. రెండింటికీ ఏం సంబంధమో పిల్లలకు తెలిసే దారే లేదు. నిజానికి మన భాషలో ఆ సంబంధం ఇంకా గట్టిగా ఉంది. లంబ్ అనే సంస్కృత ధాతువుకు వేలాడటం అని అర్థం. లెక్కల్లో లంబం అంటే మేస్త్రీ గుండు కట్టి వదిలిన దారం లాంటి నిలువు గీత. కెమిస్ట్రీలో అవలంబనం. సంగీతంలో నెమ్మదిగా సాగే విళంబ కాలం. విలంబం అంటే ఆలస్యం, కథలో సస్పెన్స్ అంటే జవాబును ఆలస్యం చేయడమేగా. లంబోదరుడు అంటే ఏంటని అడిగితే క్లాసంతా ఒక్కసారి నవ్వి చెప్పింది. ఏం చేయాలో తేలనప్పుడు ఊగిసలాట అంటాం, డోలాయమానం అంటాం, అదీ ఉయ్యాలే.

ఉత్కంఠ అంటే మెడ పైకెత్తి చూడటం. ఇది బోర్డు మీద రాస్తే ఎక్కదు. అందుకని బడి ముందున్న వేపచెట్టు కొమ్మకు కప్పీ వేసి, కిట్‌లో మిగిలిన నైలాన్ దారంతోనే ఉట్టి కట్టాం, చిన్న కుండలో బెల్లం మరమరాలు పోసి. ఒకమ్మాయి కర్ర పట్టుకుని వస్తుంటే పీఈటీ సారు తాడు లాగుతూ వదులుతూ ఉన్నారు. అరవై మంది మెడలెత్తి చూస్తున్నారు. "ఇప్పుడు మీ మెడలు ఎక్కడున్నాయో చూసుకోండి" అన్నాను. ఆ తర్వాత ఉత్కంఠ అనే మాటకు అర్థం అడగాల్సిన అవసరం రాలేదు.

కథ రాయడానికి కిట్ ఇచ్చిన కార్డుల్లో పాడుబడ్డ ఇల్లు, చప్పుడు, నీడ, ఇవే తిప్పి తిప్పి ఉన్నాయి. భయం వేరు, సస్పెన్స్ వేరు. నేను వాటిని పక్కన పెట్టి భేతాళుడి కథ ఎత్తుకున్నాను. చెట్టుకు శవం వేలాడుతూ ఉంటుంది, రాజు దించి భుజాన వేసుకుంటాడు, భేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేలాడదీస్తాడు, రాజు జవాబు చెప్పి మౌనం వదలగానే శవం మళ్లీ చెట్టెక్కి వేలాడుతుంది. ప్రశ్న దిగితే శవం ఎక్కుతుంది. పిల్లలు రాసిన కథల్లో ఇరవైకి పైగా చివర ఒక ప్రశ్న దగ్గర సరిగ్గా ఆగాయి, నా సర్వీసులో ఒక తరగతి ఇంత బాగా ఆపడం చూడలేదు.

కొనాలా వద్దా అంటే, స్తంభాలు, త్రాసులు గట్టివే, మూడు సెక్షన్లు వాడినా చెక్కు చెదరలేదు. నాలుగు సబ్జెక్టుల టీచర్లు కలిసి కూర్చునే అలవాటున్న బడి అయితే తీసుకోండి, ఒక్కరే వాడాలనుకుంటే దండగ. 100 గ్రాముల బరువు మీరే చూసుకోండి, సోషల్ కార్డు తీసి పారేయండి. తప్పుల గురించి అమ్మినవాళ్లకు రాశాను. సోషల్ కార్డు వచ్చే ముద్రణలో మారుస్తామన్నారు, బరువు, వంతెన బొమ్మల సంగతి ఎత్తలేదు. అవి కూడా సరిచేస్తే ఇక్కడికే వచ్చి రేటింగ్ మార్చి రాస్తాను.