బరంపురం దుకాణం సైటుకి ఏ సర్టిఫికెట్ మేలు: ఉచితమా, కొన్నదా?

బరంపురంలో పట్టుచీరలమ్మే దుకాణానికైనా, అప్పడాలు వడియాలు పార్సిల్ పంపే ఇంటికైనా ఇవాళ సొంత సైటు ఉండటం వింతేమీ కాదు. అయితే సైటు తెరవగానే ‘నాట్ సెక్యూర్’ అని కనబడితే విశాఖ నుంచి కొనాలనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. 2018 జూలైలో క్రోమ్ 68 వచ్చినప్పటి నుంచి హెచ్‌టీటీపీఎస్ (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని గుప్తీకరించి పంపే పద్ధతి) లేని ప్రతి సైటుకీ ఆ ముద్ర తప్పడం లేదు. అది నడవాలంటే సైటుకో సర్టిఫికెట్ కావాలి. ఏది?

‘డబ్బు పెట్టి కొన్నదే గట్టిది’ అన్నది అమ్మేవాళ్ల మాట. సమాచారాన్ని ఎలా గుప్తీకరించాలో తేల్చుకునేది మీ సర్వరూ, కొనేవాళ్ల బ్రౌజరూ. సర్టిఫికెట్ ధరకి అందులో పనిలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేదీ, కొనుక్కునే మామూలు డీవీ (డొమైన్‌ని మాత్రమే సరిచూసే) సర్టిఫికెట్టూ చెప్పేది ఒక్కటే: ఈ డొమైన్, అంటే సైటు పేరు, మీ చేతిలోనే ఉందని.

ఓవీ (సంస్థని సరిచూసే), ఈవీ (ఇంకా లోతుగా సరిచూసే) రకాలకైతే సంస్థ కాగితాలు కూడా చూస్తారు. చూసి మాత్రం ఏం లాభం? ఈవీ ఉంటే అడ్రస్ బార్‌లో కనబడే సంస్థ పేరుని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2019లోనే తీసేశాయి. చీర బేరమాడేవాళ్లెవరూ సర్టిఫికెట్ విప్పి చదవరు. మీతో లావాదేవీ ఉన్న బ్యాంకో పెద్ద కంపెనీయో ఓవీ ఉండాల్సిందేనంటే కొనండి, వాదన అనవసరం.

అసలు తేడా గడువు దగ్గరుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చేది 90 రోజులకి. ‘మూడు నెలలకోసారి ఈ తద్దినమెందుకు, ఏడాదికోసారి కొనేస్తే పోలా?’ అనేవాళ్లు మావైపు చాలామందే. ఆ సుఖం ఇక చెల్లదు. కొన్న సర్టిఫికెట్టుకైనా సరే, 398 రోజులున్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47. అయిదేళ్ల ప్యాక్ కొన్నా మధ్యమధ్య కొత్తది తెచ్చి పెట్టాల్సిందే. చేత్తో చేస్తే ఏ దసరా రద్దీలోనో మర్చిపోవడం ఖాయం. అదే సర్ట్‌బాట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకసారి అమర్చితే గడువు దగ్గరపడగానే తనంతట తనే మార్చేస్తుంది. అలాగని పూర్తిగా వదిలేయకండి. గడువు గుర్తుచేసే మెయిళ్లని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది. గడువు తేదీని గమనించే ఏర్పాటు వేరే ఉండాలి.

నా ఓటు ఉచితానికే. సర్వర్ జోలికి వెళ్లలేనివాళ్లు సీపానెల్‌లో (హోస్టింగ్‌ని నడుపుకునే తెరలో) ఆటోఎస్ఎస్ఎల్, అంటే సర్టిఫికెట్‌ని తనే పెట్టి తనే మార్చే సదుపాయం, ఇచ్చే హోస్టింగ్ చూసుకోండి. ఉచిత సర్టిఫికెట్ పెట్టనివ్వకుండా తమదే కొనమనే హోస్టింగైతే మార్చేయడమే నయం.

కొనేవాళ్లకీ మీ సర్వర్‌కీ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సేవ మూడో దారి. అదీ ఉచితమే, తేలికే. కానీ ‘ఫ్లెక్సిబుల్’ అన్న అమరిక పెడితే కొనేవాళ్ల నుంచి క్లౌడ్‌ఫ్లేర్ దాకానే రక్షణ. అక్కణ్ణుంచి మీ సర్వర్ దాకా పేర్లూ, చిరునామాలూ, ఫోన్ నంబర్లూ బట్టబయలుగా వెళ్తాయి. ‘ఫుల్ స్ట్రిక్ట్’ పెట్టాలి. దానికి సర్వర్‌లోనూ ఒక సర్టిఫికెట్ ఉండాలి, అది క్లౌడ్‌ఫ్లేరే ఉచితంగా ఇస్తుంది.