చేప నూనె సీసా మీద తేదీ వేస్తారు, తాజాదనం చెప్పరు

చేప నూనె క్యాప్సూల్స్ గురించి రాసేవాళ్లు అందులోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలైన ఈపీఏ ఎంత, డీహెచ్‌ఏ ఎంత, గుండెకు పనిచేస్తుందా అన్నవే రాస్తారు. నాకు అంతకంటే పెద్దగా కనిపించే విషయం ఇంకొకటి ఉంది. సీసాలోని నూనె పాడైందో లేదో కొన్నవాడికి తెలిసే దారి లేదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను, బ్రాండ్లు మార్చాను, ఈ ఒక్క విషయంలో మాత్రం నా కోపం తగ్గలేదు.

పోయిన ఏడాది మే నెలలో, ఎప్పుడూ వాడే బ్రాండే ఆఫర్‌లో కనిపిస్తే ఆన్‌లైన్‌లో రెండు సీసాలు తెప్పించాను. సీలు బాగానే ఉంది. ఎక్స్‌పైరీకి ఇంకా ఏడాది పైనే గడువుంది. నిమ్మ ఫ్లేవర్ రకం కాబట్టి మూత తీస్తే నిమ్మ వాసనే వచ్చింది. కొన్ని రోజులకు త్రేన్పులు మొదలయ్యాయి. అంతకుముందూ అప్పుడప్పుడు వచ్చేవి గానీ ఇవి వేరు. మధ్యాహ్నం భోజనంతో పాటు వేసుకుంటే సాయంత్రం దాకా గొంతులో చేదు ఉండిపోయేది. చేప నూనెకు త్రేన్పులు మామూలే అని ఆఫీసులో అందరూ అన్నారు.

అనుమానం తీరక ఒక క్యాప్సూల్‌ను సూదితో పొడిచి చిన్న గిన్నెలోకి పిండాను. అప్పుడు మా అమ్మ హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొంటూ బతికిన మనిషి, మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనదు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపేసింది. "ఇది చేప కంపు కాదురా, నూనె పాడైపోయింది" అంది. నిజమే. డబ్బాలో నెలల తరబడి ఉండిపోయిన జంతికల వాసన అది. రెండో సీసా విప్పి చూస్తే అదీ అంతే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "చేప నూనెకు చేప వాసన సహజం సార్" అన్నారు. ఫొటోలు పంపమన్నారు, పంపాను. సీలు సరిగ్గా ఉంది, గడువు దాటలేదు, వాపసు ఇచ్చే రోజులు అయిపోయాయి అని జవాబు వచ్చింది. ఆ బ్యాచ్ పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత చెడిందో చూపే అంకె) ఎంతో చెప్పండి చాలు అని మెయిల్ పెట్టాను. "అన్ని పరీక్షల్లో పాస్ అయింది" అన్న వాక్యం తప్ప అంకె రాలేదు. రెండు సీసాలూ చెత్తబుట్టలో పడేశాను.

ఇంత పట్టుదలగా అడగడానికి కారణం ఉంది. ఈపీఏలో ఐదు ద్విబంధాలు (కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలు), డీహెచ్‌ఏలో ఆరు ఉంటాయి. ఆక్సిజన్ ముందు పట్టుకునేది వాటినే. మన వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండేవి ఒకటి రెండు ద్విబంధాల ఆమ్లాలు, అందుకే అది ఇంత త్వరగా చెడదు. చేప నూనెకు విటమిన్ ఇ కలుపుతారు. దాంతో చెడిపోవడం ఆలస్యమవుతుంది, ఆగిపోదు. ఒమేగా-3 పరిశ్రమ తనకు తానే పెట్టుకున్న హద్దు కూడా ఉంది: కిలోకు 5 మిల్లీ ఈక్వివలెంట్ల పెరాక్సైడ్, మొత్తం ఆక్సీకరణ లెక్క టోటాక్స్ 26. నేను వాడిన ఏ సీసా మీదా ఈ అంకెలు కనబడలేదు. ఇక మన ఎండల్లో గోదాములో, డెలివరీ వ్యానులో ఆ సీసా ఎంత వేడి చూసిందో ఎవరు చెబుతారు? కొనేవాడికి మిగిలిన ఒకే ఒక్క పరీక్ష వాసన. నిమ్మ ఫ్లేవర్ దాన్నీ కప్పేస్తుంది. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది.

మరి ఇంకా ఎందుకు వాడుతున్నావంటే, మొదలుపెట్టింది డాక్టర్ చెబితే. రక్తంలోని కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 300 దాటాయి. కొన్ని నెలలకు 200 లోపుకు వచ్చాయి. అప్పట్లో చుట్టాలందరికీ ఈ క్యాప్సూల్స్ గురించే చెప్పాను. అయితే అదే సమయంలో స్వీట్లు మానేశాను, రాత్రి అన్నం తగ్గించాను, నడక మొదలుపెట్టాను. పైగా 1000 మిల్లీగ్రాముల మామూలు క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, మొత్తం 300 మిల్లీగ్రాములే. ట్రైగ్లిజరైడ్లు తగ్గించడానికి డాక్టర్లు రాసే ఒమేగా-3 మోతాదు రోజుకు 4 గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు ఒకటి వేసుకున్న నాకు ఫలితం ఎక్కువగా తిండి మార్పు వల్లే వచ్చి ఉంటుంది. 2018లో వచ్చిన వైటల్ అనే పెద్ద అధ్యయనంలో పాతిక వేలకు పైగా మంది పాల్గొన్నారు. అందులో రోజుకు ఒక గ్రాము చేప నూనె ఇచ్చినా పెద్ద గుండె జబ్బులు మొత్తంగా చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఊరెళ్లినప్పుడు ఈ గొడవే ఉండదు. కవ్వళ్లు (సార్డైన్లు), కానాగంతలు (మాకెరెల్) లాంటి చిన్న సముద్రపు చేపలు దొరుకుతాయి. సీజన్‌ను బట్టి మారినా, వంద గ్రాముల కవ్వళ్లలో దాదాపు ఒక గ్రాము ఈపీఏ, డీహెచ్‌ఏ రావచ్చు, అంటే మూడు క్యాప్సూల్స్ పైమాటే. పెద్ద చేపలతో పోలిస్తే వీటిలో పాదరసం భయం కూడా తక్కువ. అమ్మ చింతపండు పులుసు పెడితే నూనె పులుసులోనే ఉంటుంది, వేపుడులో అయితే కొంత మూకుట్లోకి పోతుంది. హైదరాబాద్‌లో మాకు సులువుగా దొరికేవి బొచ్చె, శీలావతి. ప్రోటీన్‌కు బాగానే ఉంటాయి గానీ ఒమేగా-3 చాలా తక్కువ. మా ఆవిడ అవిసె గింజల కారప్పొడి చేస్తుంది, ఇడ్లీలోకి అద్భుతంగా ఉంటుంది. అందులో ఉండేది మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 అయిన ఏఎల్‌ఏ. శరీరం దాన్ని కొద్దిగానే ఈపీఏగా మార్చుకుంటుంది, డీహెచ్‌ఏగా ఇంకా తక్కువ. పొడి కొట్టిన అవిసెలు కూడా త్వరగానే చెడతాయి కాబట్టి మేం కొంచెం కొంచెంగా చేసి ఫ్రిజ్‌లో పెడతాం. చేప ముట్టనివాళ్లకు నాచు నూనె క్యాప్సూల్స్ ఉన్నాయి, చేపలకు కూడా ఒమేగా-3 మూలం ఆ నాచే. అవి నేను వాడలేదు.

విశాఖలోనో కాకినాడలోనో ఉండి వారానికి రెండుసార్లు కవ్వళ్లు తినగలిగితే నేను ఈ సీసా కొనేవాణ్ని కాదు. ఇక్కడ ఉంటూ, నా రిపోర్టులతో, డాక్టర్ ఆపమనేదాకా వాడతాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గుండె లయ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. పెద్ద మోతాదులో లయ తప్పే ప్రమాదం కొంత పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇప్పుడు వాడేది ఫ్లేవర్ లేనిది. ఆ కంపెనీ బ్యాచ్ నంబర్ వారీగా పరీక్ష ఫలితాలు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ధర దాదాపు రెట్టింపు. చిన్న సీసాయే కొంటాను, ఇంటికి రాగానే ఒక క్యాప్సూల్ కోసి వాసన చూస్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆన్‌లైన్‌లో తెప్పించను, ఏసీ ఉన్న మందుల షాపుకే వెళ్తాను.