పైన్‌సిల్ వీ2: నమూనా రైళ్లు చేసుకునేవారి చేతికి తగిన సోల్డరింగ్ ఐరన్

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ చూసుకున్నాక రాత్రి భోజనాల తరువాత మిగిలే కొద్దిపాటి సమయంలో నమూనా రైళ్లు, ఓడలు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేసుకునే పెద్దవాళ్లు మన నగరాలలో తక్కువేమీ లేరు. వారిలో చాలామందికి ప్రత్యేకమైన పనిగది ఉండదు; భోజనాల బల్లే పనిబల్ల అవుతుంది. అటువంటివారు పనిముట్టు కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది అది ఎంత త్వరగా పనికి సిద్ధమవుతుంది, పని ముగిశాక ఎంత తక్కువ చోటులో సర్దుకుంటుంది అన్న రెండు విషయాలను. ఆ లెక్కన పైన్64 సంస్థ తయారుచేసిన పైన్‌సిల్ వీ2 నేను వాడిన సోల్డరింగ్ ఐరన్లలో, అంటే సోల్డరు అనే లోహాన్ని కరిగించి తీగలను అతికే పనిముట్లలో, అన్నిటికంటే మెరుగైనది. అయితే దానికి తగిన ఛార్జరును, కేబులును, బిట్టును (వేడెక్కే కొనను) ఎంచుకోవడం తెలియకపోతే దీని మంచితనం సగం కూడా అనుభవంలోకి రాదు. అందుకే ఈ సమీక్షలో ఐరన్ గురించి ఎంత రాస్తున్నానో, దానికి విద్యుత్తు అందించే ఏర్పాటు గురించీ దాదాపు అంతే రాస్తున్నాను.

పైన్‌సిల్ మొదటి రూపం 2020లో వచ్చింది. ఈ రెండవ రూపం 2022లో విడుదలైంది. పరిమాణంలో లావుపాటి మార్కర్ పెన్నులా ఉండే దీని పిడి మీద రెండు మీటలు, 96×16 చుక్కల చిన్న ఓలెడ్ తెర ఉన్నాయి. వెనుకవైపు యూఎస్‌బీ-సీ పోర్టు ఒకటి, పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ల గుండ్రని పిన్ను పట్టే పోర్టు మరొకటి ఉన్నాయి. లోపల దీన్ని నడిపించేది రిస్క్-వీ నిర్మాణంపై ఆధారపడిన బీఎల్706 అనే చిప్పు. పైన్64 వారి దుకాణంలో నేను చూసిన ధర 25.99 డాలర్లు, రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిస్తే మన చేతికి వచ్చేసరికి అంతకంటే గణనీయంగా ఎక్కువవుతుంది. ఆ పెరిగిన ధరకు కూడా ఇది తగినదేనని నా అభిప్రాయం.

మన దేశంలో ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తితో పెరిగినవారిలో చాలామంది మొదట పట్టుకున్నది సోల్డ్రాన్ వంటి 25 వాట్ల సాధారణ ఐరన్‌నే. ఆ రకం ఐరన్లకు ఒక గౌరవస్థానం ఉంది. ఏళ్ల తరబడి పనిచేస్తాయి, విడిభాగాలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. కాని వాటిలో ఉష్ణోగ్రతను కొలిచే భాగమేదీ ఉండదు. స్విచ్చు వేశాక కొన్ని నిమిషాలు ఆగాలి. ఊరికే పెట్టి ఉంచితే బిట్టు అవసరానికి మించి వేడెక్కి నల్లబడుతుంది. కాస్త పెద్ద లోహానికి తాకించగానే ఆ వేడి పడిపోతుంది. పైన్‌సిల్‌లో వేడిచేసే తీగ, వేడిని కొలిచే థర్మోకపుల్ రెండూ బిట్టు లోపలే, కొనకు దగ్గరగా, ఒకదాని తరువాత ఒకటిగా ఒకే వలయంలో ఉంటాయి. ఐరన్ ఒక్క క్షణం విద్యుత్తును ఆపి, థర్మోకపుల్ ఇచ్చే అతి స్వల్పమైన వోల్టేజీని చదివి, ఎంత వేడి తగ్గిందో లెక్కకట్టి, మళ్లీ విద్యుత్తు పంపుతుంది. ఈ పని ఆగకుండా సాగుతూనే ఉంటుంది కాబట్టి బిట్టు లోహానికి తాకి చల్లబడబోయిన మరుక్షణమే తిరిగి వేడెక్కుతుంది. 20 వోల్టుల ఛార్జరు మీద గది ఉష్ణోగ్రత నుంచి 320 డిగ్రీల సెల్సియస్‌కు చేరడానికి పది సెకన్లకు అటూ ఇటూగా పడుతుంది. సోల్డరు బాగా పట్టేందుకు పూసే ఫ్లక్సు డబ్బా మూత తీసేలోపు ఐరన్ సిద్ధంగా ఉంటుంది.

నమూనాలు చేసేవారికి ఈ వేగం వల్ల కలిగే అసలు ప్రయోజనం సమయం ఆదా కావడం మాత్రమే కాదు, ప్లాస్టిక్ కాపాడబడటం. నమూనా కిట్లలో ఎక్కువగా వాడే పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. తగరం, సీసం 63:37 పాళ్లలో కలిసిన సోల్డరు కరగడానికి 183 డిగ్రీలు కావాలి. ప్లాస్టిక్ దగ్గర పనిచేసేటప్పుడు తక్కువ వాట్ల ఐరన్ వాడితే భద్రమని చాలామంది అనుకుంటారు, కాని జరిగేది అందుకు విరుద్ధం. హెచ్‌ఓ స్కేలు (1:87) పట్టాకు కింది నుంచి విద్యుత్తు తీగను అతికే పనినే తీసుకుందాం. నికెల్ సిల్వర్ పట్టా వేడిని పొడవునా లాగేసుకుంటుంది. బలహీనమైన ఐరన్‌ను ఎంతసేపు ఆనించినా సోల్డరు పారదు. ఈలోగా వేడి పట్టా వెంట పాకి, దాన్ని పట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ కొక్కేలను కరిగించి, పట్టాల మధ్య దూరాన్ని చెడగొడుతుంది. పైన్‌సిల్‌కు 2.4 మిల్లీమీటర్ల ఉలి ఆకారపు బిట్టు తగిలించి, 350 డిగ్రీలు పెట్టి, పట్టాకు, తీగకు ముందే విడివిడిగా సోల్డరు పూసి ఉంచి, ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి తాకిస్తే రెండు సెకన్లలోపే అతుకు పడుతుంది. వేడి స్లీపర్ల దాకా పాకేలోపే బిట్టు పట్టా మీద నుంచి లేచిపోతుంది. ఎక్కువ శక్తి, తక్కువ స్పర్శ అన్న ఈ పద్ధతికి తగినట్టుగా నడిచే ఐరన్ ఇది.

ఇంజను లోపలి పని ఇంకా సున్నితమైనది. సికింద్రాబాద్ లల్లాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజనును 1:87 స్కేలులో చేస్తే దాని పొడవు 23 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. ఆ చిన్న ఇంజనులోనే మోటారు, రెండు వైపులా దీపాలు, ఇంజనును పట్టాల ద్వారా వచ్చే సంకేతాలతో నడిపించే డీసీసీ డీకోడరు అన్నీ ఇమడాలి. డీకోడరు తీగల రంగులకు స్థిరమైన సంప్రదాయం ఉంది: ఎరుపు, నలుపు తీగలు పట్టాల నుంచి విద్యుత్తు తీసుకుంటాయి, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు వెళతాయి, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడిగా పనిచేస్తాయి. బియ్యపు గింజకంటే చిన్నదైన ఎల్ఈడీకి వెంట్రుకంత ఎనామిల్ తీగ అతికేటప్పుడు ఐరన్ బరువు, కేబులు బిరుసుదనం రెండూ చేతికి తెలుస్తాయి. పైన్‌సిల్‌లో బిట్టు కొనకు, వేళ్లు పట్టుకునే చోటుకు మధ్య దూరం తక్కువ. పెన్ను పట్టుకుని రాస్తున్నంత దగ్గరగా పని జరుగుతుంది. ఎనామిల్ పూతను వదిలించడానికి కాసేపు దాదాపు 390 డిగ్రీలు కావాలి. ముందువైపు మీటను నొక్కి పట్టుకుంటే ఐరన్ తాత్కాలికంగా ఎక్కువ ఉష్ణోగ్రతకు వెళ్లి, వదలగానే పాత ఉష్ణోగ్రతకు తిరిగి వస్తుంది. ఈ ఒక్క సౌకర్యం నాకు ఎంతగా అలవాటైందంటే, ఇప్పుడు అది లేని ఐరన్‌తో ఎనామిల్ తీగ పని మొదలుపెట్టడానికే మనసొప్పడం లేదు.

ఇక విద్యుత్తు సంగతి. పైన్‌సిల్ పెట్టెలో ఛార్జరు గాని కేబులు గాని రావు. ఇంట్లో ఫోను కోసం కొన్న 65 వాట్ల ఛార్జరు ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు, ఎందుకంటే ఛార్జరు మీద వాట్ల అంకె పెద్దదిగా ఉన్నంత మాత్రాన అది యూఎస్‌బీ పవర్ డెలివరీ (పీడీ) పద్ధతిలో 20 వోల్టులు ఇస్తుందన్న హామీ లేదు. కొన్ని ఫోను కంపెనీల వేగవంతమైన ఛార్జింగ్ వారి సొంత పద్ధతిలో, తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటుతో నడుస్తుంది. బిట్టులో వేడి ఎంత పుడుతుందన్నది వోల్టేజీ వర్గం (స్క్వేర్) మీద ఆధారపడుతుంది. దీనికి పొడుగు, పొట్టి అని రెండు రకాల బిట్లు ఉన్నాయి. పొడుగు బిట్టు నిరోధం 8 ఓములు. 9 వోల్టులు ఇస్తే పుట్టేది సుమారు 10 వాట్లు, 20 వోల్టులు ఇస్తే 50 వాట్లు. పొట్టి బిట్టు నిరోధం 6.2 ఓములు కాబట్టి 20 వోల్టుల దగ్గర అది దాదాపు 64 వాట్ల వరకు తీసుకోగలదు, కాని అందుకు 3.2 ఆంపియర్ల కరెంటు కావాలి. సాధారణ యూఎస్‌బీ-సీ కేబులు 3 ఆంపియర్లకే పరిమితం. కనుక పొట్టి బిట్టు వాడేవారు 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని స్పష్టంగా ముద్రించిన పీడీ ఛార్జరునూ, 5 ఆంపియర్ల కేబులునూ తీసుకోవాలి. కేబులు సిలికాన్ తొడుగుదైతే మెత్తగా వంగుతుంది, బిట్టు పొరపాటున తగిలినా కరగదు.

కొత్త ఛార్జరు కొనడం ఇష్టం లేనివారికి చక్కటి మార్గం ఒకటుంది. చాలా ఇళ్లలో పాడైపోయిన ల్యాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల అడాప్టరు బీరువా అడుగున పడి ఉంటుంది. దాని గుండ్రని పిన్ను 5.5 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గలదై, లోపలి భాగం పాజిటివ్ అయితే నేరుగా పైన్‌సిల్‌కు సరిపోతుంది. అయితే ఆ పోర్టుకు అడాప్టరు, యూఎస్‌బీ పోర్టుకు మరో ఛార్జరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఒకేసారి కలపకూడదు. ఎర్తింగ్ విషయంలోనూ శ్రద్ధ అవసరం. రెండు పిన్నుల ఛార్జర్లకు ఎర్తు ఉండదు కనుక వాటి ఔట్‌పుట్ మీద అతి స్వల్ప కరెంటుతో కూడిన లీకేజీ వోల్టేజీ తేలుతూ ఉంటుంది. మనిషికి అది సన్నని జివ్వుమనే స్పర్శ మాత్రమే, సున్నితమైన డీకోడరు చిప్పులకు మాత్రం మంచిది కాదు. అటువంటి పనికి ఎర్తు పిన్ను సక్రమంగా ఉన్న మూడు పిన్నుల అడాప్టరును గాని, 20 వోల్టులు ఇవ్వగల పవర్ బ్యాంకును గాని వాడటం శ్రేయస్కరం. పవర్ బ్యాంకు ఉంటే రాత్రి కరెంటు పోయినా పని ఆగదు, బల్ల మీద గోడ దాకా సాగే తీగ కూడా ఉండదు.

ఐరన్‌ను నడిపించే ఐరన్‌ఓఎస్ అనే సాఫ్ట్‌వేరు అందరికీ బహిరంగంగా లభించేది. కొత్త రూపాలు వచ్చినప్పుడు కంప్యూటరుకు కలిపి మార్చుకోవచ్చు. పిడిలోని కదలికను గుర్తించే భాగం వల్ల ఐరన్‌ను కదపకుండా వదిలేస్తే అది తానే వేడి తగ్గించుకుంటుంది, మరికొంతసేపటికి పూర్తిగా ఆగిపోతుంది. చేతిలోకి తీసుకోగానే మేలుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో భోజనాల బల్ల మీద పనిచేసేవారికి ఇది విలాసం కాదు, అవసరం. ఎంతసేపటికి నిద్రపోవాలి, ఎంత వేడి దగ్గర ఆగాలి అన్నవి సెట్టింగులలో మార్చుకోవచ్చు గాని, ఆ చిన్న తెర మీద రెండు మీటలతో వరుసగా నొక్కుకుంటూ వెళ్లడం ఓపికను పరీక్షిస్తుంది. నలభై దాటిన కళ్లకు ఆ అక్షరాలు బాగా చిన్నవి. వీ2లో బ్లూటూత్ ఉన్నందున ఫోను నుంచి కూడా కొంత సర్దుబాటు వీలవుతుంది.

దీని లోపాలలో నాకు ముఖ్యంగా తోచినది స్టాండు లేకపోవడం. 300 డిగ్రీల బిట్టును పక్కన పెట్టడానికి స్థిరమైన ఆధారం లేకుండా ఏ ఐరన్‌నూ వెలిగించకూడదు కాబట్టి, ఇత్తడి పీచు ఉన్న బరువైన స్టాండును ఐరన్‌తో పాటే కొనుక్కోవాలి. హైదరాబాదువారికి కోఠీ గుజరాతీ గల్లీలో స్టాండు, రోజిన్ ఉన్న సన్నని సోల్డరు తీగ, రెసిస్టర్లు, ఫ్లక్సు అన్నీ ఒకే చుట్టులో దొరుకుతాయి. రెండవ లోపం బిట్టు మార్చే పద్ధతి: స్క్రూ వదులుచేసి, బిట్టు పూర్తిగా చల్లారాక లాగాలి, కాబట్టి ఒకే పనిలో మాటిమాటికీ బిట్లు మార్చేవారికి ఇది విసుగు తెప్పిస్తుంది. మూడవది పరిమితి అనడమే సబబు. పెద్ద ఇత్తడి రేకులతో వంతెనలు, బోగీ చట్రాలు కట్టేవారికి ఈ చిన్న బిట్టులో నిలిచే వేడి చాలదు. వారికి హక్కో ఎఫ్‌ఎక్స్-888డీ వంటి స్టేషను గాని, పెద్ద బిట్టు గల ఎక్కువ వాట్ల ఐరన్ గాని అవసరం. రోజూ గంటల తరబడి ఒకేచోట కూర్చుని పనిచేసే వృత్తి నిపుణులకు కూడా నేను స్టేషనునే సూచిస్తాను.

కొనదలచినవారు పెట్టెలో వచ్చే సూది కొన బిట్టుతోనే సరిపెట్టుకోకుండా, ఉలి ఆకారపు డీ24ను, ఏటవాలు కొన గల బీసీ2ను కూడా తెప్పించుకోవడం మంచిది. సూది కొనకు లోహాన్ని తాకే వైశాల్యం తక్కువ కావడం వల్ల వేడి సరిగా దిగదు, కొత్తవారు దాన్ని చూసి ఐరన్‌నే తప్పుపడతారు. టీఎస్100 అనే మరో ఐరన్‌కు వచ్చే బిట్లు దీనికీ సరిపోతాయి. పని ముగించే ముందు బిట్టు కొనకు కొంచెం తాజా సోల్డరు పూసి, ఆ పూతతోనే చల్లారనివ్వాలి. అప్పుడు కొన గాలికి తుప్పుపట్టదు. సీసం ఉన్న సోల్డరు వాడేవారు కిటికీ తెరిచి పనిచేసి, బల్లను తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే ఆ బల్ల మీద మళ్లీ కంచాలు పెట్టాలి.