జీపార్టెడ్ లైవ్: షాపులో ఏళ్లుగా వాడుతున్నాక

పాత సిస్టమ్‌కి కొత్త విండోసో లైనక్సో వేయించుకోడానికి మా రిపేరు షాపుకొచ్చేవాళ్లు ముందుగా చెప్పేది ఒకటే: "డీ డ్రైవ్ మాత్రం ముట్టుకోకండి, పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి." అలాంటి పనులకి నేను ఎక్కువగా నమ్ముకున్నది జీపార్టెడ్. హార్డ్‌డిస్క్‌లో సీ, డీ లాంటి ముక్కల్ని (పార్టిషన్లని) తగ్గించడానికీ, పెంచడానికీ, జరపడానికీ 2004 నుంచీ ఉన్న ఉచిత ప్రోగ్రామ్. లైవ్ వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే హార్డ్‌డిస్క్‌లో ఉన్న విండోస్‌తో పనిలేకుండా దానంతటదే బూట్ అవుతుంది.

నాకు బాగా నచ్చింది దాని నిదానం. సైజు తగ్గించమన్నా, జరపమన్నా వెంటనే చేసేయదు, కింద వరుసగా రాసిపెట్టుకుంటుంది. పైనున్న టిక్కు నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ మారదు. ఈలోపు కస్టమర్‌ని పక్కన కూర్చోబెట్టి, ఏది సీ, ఏది డీ అని చూపించి మరీ నొక్కొచ్చు.

మనవైపు అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేయడం పాత అలవాటు. సీ నిండిపోతుంది, డీ సగం ఖాళీగా ఉంటుంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీని తగ్గిస్తే ఖాళీ దాని చివర మిగులుతుంది, సీ పక్కకి రాదు. 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కడానికే వీలుండదు. జీపార్టెడ్‌లో డీ ఎడమ అంచు పట్టుకుని కుడికి లాగుతాను. డీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరికొన్ని ముక్కలు పట్టే పెద్ద పార్టిషన్) లోపల ఉంటే, దాని ఎడమ అంచునీ లాగాలి. అప్పుడే ఖాళీ సీ పక్కన చేరుతుంది. డేటా అంతా జరగాలి కాబట్టి పాత డిస్క్‌లో గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఫొటోల సంగతి దేవుడికే తెలియాలి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా, ఫొటోలు వేరేచోట కాపీ చేయకుండా ఈ పని ఒప్పుకోను.

పార్టిషన్ పక్కన హెచ్చరిక త్రికోణం కనిపిస్తే చాలామంది డిస్క్ పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్, అంటే త్వరగా ఆన్ అవ్వడానికి విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఉండే పద్ధతి. విండోస్‌లోకెళ్లి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొట్టి, డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపి షట్‌డౌన్ చేస్తే సర్దుకుంటుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే మాత్రం జీపార్టెడ్ సైజు మార్చలేదు, ముందు అది తీసేయాలి.

జీపార్టెడ్ చేతులెత్తేసేది డేటా పోకుండా ఎంబీఆర్‌ని జీపీటీగా మార్చడం దగ్గర. డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసి ఉండే పట్టికలో (పార్టిషన్ టేబుల్) ఎంబీఆర్ పాత రకం, జీపీటీ కొత్త రకం. విండోస్ సెటప్ "ఇది ఎంబీఆర్ డిస్క్, జీపీటీ కావాలి" అని ఆగిపోయిందంటే, పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐలో (పాత బయాస్ స్థానంలో వచ్చిన కొత్త బూట్ పద్ధతి) బూట్ అయిందన్నమాట. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంటే, యూఈఎఫ్ఐ అని లేనిది ఎంచుకుంటే విండోస్ 10 ఎక్కేస్తుంది. కానీ దానికి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అందరూ 11 అడుగుతున్నారు, 11కి యూఈఎఫ్ఐ కావాలి. యూట్యూబ్‌లో చూసి విండోస్ డిస్క్‌పార్ట్ కమాండ్‌లో 'క్లీన్' కొడితే డీతో సహా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. జీపార్టెడ్‌లో కొత్త పార్టిషన్ టేబుల్ పెట్టినా అంతే. విండోస్‌తో వచ్చే ఎంబీఆర్2జీపీటీ డేటా పోకుండా మారుస్తుంది గానీ, మూడు ప్రైమరీలకి (ఎక్స్‌టెండెడ్ లోపల కాకుండా విడిగా ఉండే పార్టిషన్లకి) మించి ఉన్నా, ఎక్స్‌టెండెడ్ ఉన్నా ఒప్పుకోదు. మన నాలుగు ముక్కల డిస్కులు అక్కడే తన్నేస్తాయి. వాటికి బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, మొత్తం తుడిచి మొదలుపెట్టడమే.

సైజులు మార్చడానికి డబ్బిచ్చి వేరే సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం నాకింతవరకూ రాలేదు. పాత పెన్‌డ్రైవ్ కొత్త ల్యాప్‌టాప్‌లో బూట్ కాకపోతే, తాజా వెర్షన్ దింపుకుని చూడండి.