సిపాయి ఉత్తరం అని కిప్లింగ్ కథ అంటగట్టాడు, చూసుకోండి

పాత ఉత్తరాలు, స్టాంపులు కొనేవాళ్లకు చెబుతున్నా. పేరు రాయను, పోయిన నెల యుద్ధకాలం పోస్టుకార్డులు అమ్మినాయనే, మీలో సగం మంది ఇళ్లలో ఆయన సరుకు ఉంది. 14,000 పోయాయి నాకు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఇంగ్లండులోని బ్రైటన్ ఆసుపత్రి నుంచి ఒక సిక్కు సిపాయి ఇంటికి చెప్పి రాయించిన ఉత్తరమట, సిపాయిల ఉత్తరాలు తెరిచి చదివే సెన్సారు వాళ్లు ఇంగ్లీషులో టైపు చేసిన అసలు ప్రతి అట. మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం మాకు పక్కనే, మా ముత్తాత కూడా ఆ యుద్ధానికి వెళ్లొచ్చాడు, ఆయన రాసిన ముక్క ఒక్కటీ ఇంట్లో మిగల్లేదు. ఈ సంగతి అమ్మినాయనకు నేనే చెప్పాను. ఆ తర్వాతే రేటు రెండు వేలు పెరిగింది, అదైనా వెలగలేదు నాకు.

నన్ను పడగొట్టింది మొదటి పేరా. ఉత్తరం రాసిపెట్టే దొరతో సిపాయి బేరమాడతాడు, రెండణాలా, ఎక్కువ, ఒక అణా ఇస్తా అని. అది చదివి కళ్లు తుడుచుకున్నాను కూడా. రాసేవాడితో ఆడిన బేరం ఉత్తరంలోకి ఎలా వచ్చిందని మా అమ్మాయి అడిగేదాకా తట్టలేదు. తనే ఆ వాక్యం ఫోన్‌లో కొట్టింది, మొత్తం ఉత్తరం వచ్చేసింది. ఇంగ్లీషు రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ కథ, 'ది ఫ్యూమ్స్ ఆఫ్ ది హార్ట్'! డన్‌లప్ స్మిత్ అని, లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసు దొర, సిపాయిల అసలు ఉత్తరాల నుంచి సెన్సారు తీసిన ముక్కలు పంపితే, వాటితో కిప్లింగ్ నాలుగు ఉత్తరాలు వండాడు. 1917లో అమెరికా పత్రికలో వచ్చాయి, 1918లో 'ది ఐస్ ఆఫ్ ఏషియా' అని పుస్తకమయ్యాయి. అసలు సిపాయిలేమో సెన్సారు కళ్లుగప్పడానికి తమను నల్ల మిరియాలని, తెల్లవాళ్లను ఎర్ర మిరప అని రాసుకుని, నల్లవి అయిపోతున్నాయని ఇంటికి కబురు పంపేవాళ్లు. కిప్లింగ్ సిపాయి మాత్రం ఫ్రాన్సు వాళ్ల సేద్యం చూసి మురిసిపోతుంటాడు. ప్రచారమే అనుకోండి, అయినా కిప్లింగ్ కింద తన పేరు పెట్టుకున్నాడు. మనవాడు ఆ పేరు తీసేశాడు.

ఫోన్ చేశాను. కాసేపు నవ్వాడు. "కిప్లింగ్‌దా, అయితే ఇంకా మంచిదే కదా సార్, నోబెల్ ప్రైజు ఆయన" అన్నాడు. డబ్బు వెనక్కివ్వమంటే, "మీకు కావాల్సింది తాతగారి సెంటిమెంటు, అది దొరికింది కదా, ఏడ్చానని మీరే మెసేజ్ పెట్టారు" అన్నాడు. నిజమే, పెట్టాను. నా మెసేజ్ నాకే చదివి వినిపించి బ్లాక్ చేశాడు. పద్నాలుగు వేల కన్నా అదే ఎక్కువ మండుతోంది.

తర్వాత తడి వేలితో కాగితం మూల రుద్దితే వేలికి టీ రంగు అంటింది. సెన్సారు ముద్ర మడతకు అటూ ఇటూ ఒకేలా పడింది, మడత పెట్టింది ముద్ర వేశాకే అయినా కాగితం అక్కడ కొంచెం కూడా అరగలేదు. నూరేళ్ల మడతండీ అది!

అసలు ఉత్తరాలు చాలావరకు ఇళ్లకే వెళ్లిపోయాయి, సెన్సారు రాసుకున్న అనువాదాల కట్టలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎవరైనా ఒరిజినల్ అంటే ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, డబ్బు కట్టేముందు ఒక వాక్యం ఫోన్‌లో కొట్టి చూడండి.

ఇవాళ పొద్దున మా బావమరిది ఫోన్లో చూశాను, ఇంకొకటి అమ్మకానికి పెట్టాడు. గుర్రపు దళం సిపాయి తల్లికి రాసిన ఉత్తరమట. ఆ పుస్తకంలో నాలుగోది అదే. ఇంకా రెండు మిగిలాయి ఆయన దగ్గర.