కుందేలు బొచ్చా, గొర్రె ఉన్ని తోలా? ఇంట్లో కుట్టుకోవడానికి ఏది మేలు?

బొచ్చు తోలుతో ఇంట్లో ఏదైనా కుట్టుకుందామనుకునే వాళ్ల చెయ్యి మొదట కుందేలు తోలు మీదికే పోతుంది. ఆ మెత్తదనం అలాంటిది. నేనూ దానితోనే మొదలుపెట్టాను. నాలుగు తోళ్లు కలిపి, కుట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని పడేలా, ఎంతో ఓపికగా ఒక దిండు గలేబు కుట్టాను. దగ్గరి కుట్టే గట్టి కుట్టని బట్టల మీద నేర్చుకున్న పాఠం మరి. నెల తిరక్కుండానే ఇంటికి వచ్చిన చుట్టం ఒకరు ఆ దిండుకు వీపు ఆన్చి కూర్చున్నారు. కుట్టు వెంబడి జానెడు పొడవు నోరు తెరుచుకుంది. దారం తెగలేదు, ముడి ఊడలేదు. తపాలా బిళ్లల కాగితం చిరిగినట్టు, సూది రంధ్రాల వరుస వెంట తోలే చిరిగింది.

అప్పటి నుంచి ఏ తోలు చేతికి వచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. మనం కొనేది బొచ్చు చూసే అయినా, సూది దిగేదీ బరువు మోసేదీ తోలులోనే. కుందేలుకూ గొర్రెకూ అసలు తేడా అక్కడే ఉంది.

కుందేలు తోలు పలచన. వీపు మీద కొంత నయం, పక్కలకూ పొట్టకూ వచ్చేసరికి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల వేళ్ల నీడ కనిపిస్తుంది. బొచ్చు కూడా అంతే సుకుమారం. అడుగున దట్టంగా, నూగులా ఉండే పొర ఒకటి, దాని మీద కాస్త పొడవైన వెంట్రుకల పొర ఇంకొకటి. రోజూ రాపిడి తగిలితే వెంట్రుకలు విరిగి రాలిపోతాయి. గొర్రె తోలు మందంగా ఉంటుంది, లాగితే కొద్దిగా సాగుతుంది కానీ తేలిగ్గా చిరగదు. ఉన్ని పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి, మీద కూర్చుంటే అణిగి, లేవగానే మళ్లీ పైకి లేస్తుంది. అందుకే కుర్చీ మీద పరుపుకూ, మంచం పక్కన కాళ్లు పెట్టుకునే పట్టాకూ, ఇంట్లో తొడుక్కునే చెప్పులకూ గొర్రె తోలే సరైనది. ఇక్కడ కుందేలుకు పోటీయే లేదు.

కొలతలు కూడా గొర్రె వైపే మొగ్గుతాయి. నలభై సెంటీమీటర్ల చదరపు దిండు ముఖం ఒక్క గొర్రె తోలులోంచి అతుకు లేకుండా వస్తుంది, మిగిలిన దాంతో ఒక జత చెప్పుల లోపలి పొర కూడా వస్తుంది. అదే ముఖానికి కుందేలు తోళ్లు అంచులు కోసి చదును చేస్తే నాలుగు కావాలి. నాలుగు తోళ్లంటే మధ్యలో అడ్డంగా, నిలువుగా అతుకులు. ప్రతి అతుకూ చిరగడానికి ఒక చోటే. పైగా నాలుగింటి రంగూ, బొచ్చు పొడవూ కుదరాలి, నాలుగూ ఒకే వైపు వాలాలి. అరచేత్తో నిమిరితే చెయ్యి సాఫీగా జారే వైపే వాలు. తోలు వెనక దాన్ని పెన్నుతో బాణం గుర్తు వేసి పెట్టుకోకపోతే, కుట్టడం అయ్యాక ఒక ముక్క వెలుగులో వేరే రంగులా కనిపించి వెక్కిరిస్తుంది.

అయితే ఒక్క విషయంలో కుందేలు చాలా దయగలది. మామూలు కుందేలు బొచ్చు అతుకును కప్పేస్తుంది. కుట్టు కాస్త వంకరపోయినా పైనుంచి తెలియదు. రెక్స్ జాతి కుందేలు మాత్రం దీనికి మినహాయింపు. దాని పై వెంట్రుకలూ లోపలి నూగూ దాదాపు ఒకే పొడవు కాబట్టి మఖమల్‌లా ఉంటుంది, మఖమల్‌లాగే ప్రతి తప్పునూ చూపిస్తుంది. పొట్టిగా కత్తిరించిన గొర్రె ఉన్నీ అంతే. పొడవైన ఉన్ని గొర్రె తోలు ఎన్ని తప్పులనైనా కడుపులో దాచుకుంటుంది. మొదటిసారి కుట్టేవాళ్లకు నేను దాన్నే చెప్పేది అందుకే.

ఏది కొన్నా ముందు రెండు పనులు చేయండి. చిటికెడు బొచ్చు పట్టుకుని మెల్లగా లాగండి. ఒకటీ అరా వస్తే పరవాలేదు, కుచ్చుగా ఊడి వస్తే, పచ్చి తోలును కుళ్లకుండా శుద్ధి చేయకముందే అది కుళ్లడం మొదలైందని అర్థం. దాన్ని ఎంత బాగా కుట్టినా రాలుతూనే ఉంటుంది. తర్వాత తోలు వైపు పైకి వచ్చేలా గట్టిగా మడవండి. చిటపటమన్నా, మడత మీద సన్నని పగుళ్లు కనిపించినా అక్కడే వదిలేయండి.

కోయడం రెండింటికీ ఒకటే. కత్తెర ముట్టుకోకూడదు. కత్తెర తోలుతో పాటు బొచ్చునూ కోసేస్తుంది, అతుకు దగ్గర గడ్డం గీసినట్టు ఒక చార మిగులుతుంది. తోలును బొచ్చు కిందికి వచ్చేలా పరిచి, వెనక గీత గీసి, కొత్త బ్లేడు మొనతో గీత వెంట తోలు మందం మేరకే కోయాలి. రెండో చేత్తో తోలును బల్ల మీంచి కొంచెం పైకి ఎత్తి పడితే కింద బొచ్చు బ్లేడుకు అందదు. కోత చివరికి వచ్చాక రెండు ముక్కలనూ మెల్లగా విడదీస్తే బొచ్చు దేనిది దానితో, పొడవు తగ్గకుండా విడిపోతుంది. ఇది సరిగ్గా వచ్చిన రోజు సగం పని నేర్చుకున్నట్టే.

ఇక చేతి కుట్టా, మిషనా? ఇంట్లో ఉండే మామూలు మిషను మీద గొర్రె తోలు పెడితే మందమైన ఉన్ని మిషను పాదం (బట్టను నొక్కి పట్టే భాగం) కింద ఇరుక్కుంటుంది. పై పొర వెనకబడుతుంది, కింది పొర ముందుకు పోతుంది, చివర్లో రెండంచులూ కలవవు. అతుకు వచ్చే చోట అర సెంటీమీటరు మేర ఉన్ని కత్తిరించి, తోలు సూది వేసి, కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లకు పెంచితే పని జరుగుతుంది కానీ, అతుకు దిబ్బలా లేస్తుంది. కుందేలుకు ఉన్న ఇబ్బంది వేరు. అది పాదం కిందికి తేలిగ్గానే పోతుంది. కానీ మామూలు కుట్టు పొడవుతో మిషను వేసే దగ్గరి రంధ్రాలు నా దిండుకు పట్టిన గతినే పట్టిస్తాయి. పైగా రాలిన నూగు బాబిను డబ్బాలో పేరుకుంటుంది. బొచ్చు పరిశ్రమలో అంచులను చుట్టి కుట్టే మిషన్లు వేరే ఉంటాయి. అవి లేని ఇంట్లో చేతి కుట్టే నయమని నా గట్టి అభిప్రాయం. రెండు ముక్కల బొచ్చు వైపులనూ ఎదురెదురుగా పెట్టి, బయటికి తొంగిచూసే వెంట్రుకలను సూది మొనతో లోపలికి తోస్తూ, క్లిప్పులతో పట్టించాలి. గుండుసూదులు వద్దు, తోలులో పడిన రంధ్రం పూడదు. అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపల సూది దింపి, అంచు మీదుగా దారాన్ని చుట్టుకుంటూ పోవడమే.

గొర్రె తోలుకు మూడంచుల మొన ఉండే గ్లవర్స్ సూది కావాలి, వేలికి తొడుగు కూడా. కుందేలుకు నేను సన్నని మామూలు సూదే వాడతాను. మూడంచుల మొన పలచని తోలులో చేసే చీలిక దగ్గరే చిరుగు మొదలవుతుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకుంటాను. అంచు వెంట సన్నని నూలు పట్టీని కూడా కలిపి కుడతాను. అప్పుడు లాగుడు తోలు మీద కాక పట్టీ మీద పడుతుంది. దారం రెండింటికీ తేనెమైనం రుద్దిన పాలిస్టర్‌దే. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలులో నూలు దారం కాలం గడిచే కొద్దీ చివికిపోతుంది.

కుట్టడం అయ్యాక కలిపిన ముక్కలను తెరిచి పరిచి, అతుకును వెనక గోటితోనో గరిటె కాడతోనో రుద్ది చదును చేయాలి. ముందు వైపు తిప్పితే అతుకు ఒక లోతైన గాడిలా కనిపిస్తుంది, మనసు చివుక్కుమంటుంది. కంగారు పడకుండా పెద్ద సూది తీసుకుని, కుట్టులో చిక్కుకున్న వెంట్రుకలను ఒక్కొక్క కుచ్చునే పైకి లాగుతూ రండి. పది నిమిషాల్లో ఆ గాడి మీ కళ్లముందే మాయమవుతుంది. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

ఉతుకు సంగతి కొనేటప్పుడే అడగాలి. క్రోమియంతో శుద్ధి చేసిన గొర్రె తోళ్లు చాలావరకు చల్లని నీళ్లలో ఉన్ని సబ్బుతో ఉతకడానికి పనికొస్తాయి. నీడలో ఆరేసి, ఆరుతుండగా చేత్తో సాగదీస్తుండాలి. పటిక, ఉప్పుతో శుద్ధి చేసిన తోలును నీళ్లలో ముంచితే పటిక కరిగిపోయి, ఆరాక అట్టలా బిగుసుకుంటుంది. కుందేలు తోళ్లలో ఇలాంటివి తరచు కనిపిస్తాయి. వాటికి పొడి రంపపు పొట్టు చల్లి, రుద్ది, దులపడమే శుభ్రత. దిండైతే వెనక వైపు గట్టి బట్టే వేయండి, జిప్పు ఆ బట్టలోనే కుట్టండి. బొచ్చు పక్కన జిప్పు పెడితే తీసిన ప్రతిసారీ వెంట్రుకలను కొరుకుతుంది.

మేక తోలు గట్టిదే కానీ వెంట్రుక బిరుసు, గోడకో నేలకో తప్ప ఒంటికి హాయి ఇవ్వదు. బొచ్చుతో ఉన్న ఆవు తోలుకు ఆరె (చెప్పులు కుట్టేవాళ్లు తోలుకు రంధ్రం పొడిచే పనిముట్టు) లేకుండా సూది దిగదు, మొదటి పనికి వద్దు.

కూర్చునేదీ, తొక్కేదీ, వీపు ఆన్చేదీ అయితే గొర్రె తోలు తీసుకోండి, చేత్తో కుట్టండి. ఊరికే తాకేదీ, మెడకో మణికట్టుకో హత్తుకునేదీ అయితే కుందేలుకు సాటి లేదు. దాని వెనక మాత్రం పూర్తిగా నూలు బట్ట అస్తరు వేయండి. చిరిగిన నా గలేబులోంచి వీపు భాగాలు మాత్రం కోసి తీసి, అలాగే అస్తరు వేసి మెడకు చుట్టుకునే పట్టీ కుట్టాను. మూడు చలికాలాలు గడిచాయి, ఒక్క కుట్టు దగ్గర కూడా తోలు విచ్చలేదు. దిండుకు ఇప్పుడు గొర్రె తోలు ఉంది.