మూతపడ్డ రైలు దారి: ఎక్కి చూడాలా, నడిచి చూడాలా?

ఇంగ్లండ్ పల్లెల్లో తిరిగిన రెండు బుల్లి రైళ్లు: డెవన్‌లో లింటన్–బార్న్‌స్టేపుల్ (1898–1935), స్టాఫర్డ్‌షైర్‌లో లీక్–మానిఫోల్డ్ (1904–1934). రెండూ మూతపడ్డాయి; ఇప్పుడు లింటన్ దారిలో కొంత మేర మళ్లీ బండి నడుస్తోంది, మానిఫోల్డ్ దారి నడకకు మిగిలింది.

ఖర్చు: లింటన్‌కు టికెట్ కొనాలి. మానిఫోల్డ్ ఉచితం.

శ్రమ: లింటన్‌లో వుడీ బే స్టేషన్ నుంచి మైలు దూరం ఆవిరి బండే తిప్పుతుంది. మానిఫోల్డ్‌లో పట్టాలు లేవు, 1937లోనే కాలిబాట అయింది. సుమారు 13 కిలోమీటర్లు, సైకిల్‌కూ హాయి.

జాగ్రత్త: లింటన్ బండి రోజూ నడవదు. మానిఫోల్డ్‌లో స్వెయిన్స్‌లీ సొరంగంలోకి కార్లూ వస్తాయి, లైటు తప్పనిసరి.

నా మనసు మానిఫోల్డ్ వైపే. పాల క్యాన్లు మోసిన ఆ లైను ఇంజనీరు కాల్‌త్రాప్, అంతకుముందు ఇప్పటి మహారాష్ట్రలో బార్శీ లైట్ రైల్వే కట్టినవాడు. అందుకే మానిఫోల్డ్ ఇంజన్లకు ముందు మన దేశపు బండ్లలా అంత పెద్ద హెడ్‌ల్యాంపులు!

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే లింటన్. కాళ్లలో సత్తువ, చేతిలో పూట సమయం ఉంటే మానిఫోల్డ్.